బూత్ ఇంటిపేరు వెంట మూడు జిల్లాలు

నర్సింగు పూర్తిచేసి కొత్తగా ఉద్యోగాల్లో చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "మేడం, మీ సర్వీసులో మర్చిపోలేని కేసు ఏది?" అని అడుగుతారు. వాళ్లకు కావలసింది కాన్పు కథ. వాగు పొంగిన రోజు ట్రాక్టరు మీద పురుడు పోసిన సంగతులు నా దగ్గరా ఉన్నాయి. అవి చెప్పేసి టీ ఇచ్చి పంపేస్తాను. నన్ను ఈనాటికీ కుదురుగా కూర్చోనివ్వనిది మాత్రం ఒక ఇంటిపేరు. అదీ మన ఇంటిపేరు కాదు, ఇంగ్లీషువాళ్లది.

మనుషుల పేర్లు ఎవరివీ రాయను. రోగం సంగతి కదా, వాళ్ల పిల్లల పెళ్లిళ్లు ఇంకా కావలసి ఉన్నాయి. ఇంటిపేరు రాయకుండా మాత్రం ఈ కథ చెప్పలేను. అది బూత్.

అప్పుడు నేను చిల్పూర్ వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సూపర్‌వైజర్‌ని. పాత వరంగల్ జిల్లాను ముక్కలు చేసి కొత్త జిల్లాలు ఏర్పాటు చేసిన కొత్త. ఏ కాగితం ఏ కలెక్టరేటుకు పంపాలో ఎవరికీ తెలియని రోజులు. మా డాక్టరు గుంటూరు వైపు అబ్బాయి, మొదటి ఉద్యోగం. ఆయన కుర్చీలో కూర్చోగా నేను చూసింది తక్కువ. నిలబడే రాసేవాడు, నిలబడే తినేవాడు. నా నడక కూడా అంతే కాబట్టి మా ఇద్దరికీ పొత్తు బాగా కుదిరింది.

ఒక ఉదయం జనగామ నుంచి ఒక అవ్వ తన మనవణ్ణి తీసుకొచ్చింది. కూతురి కొడుకు, ఏడేళ్లవాడు. పాలపన్ను ఊడింది, నెత్తురు ఆగడం లేదు. జనగామలో రెండు చోట్ల దూది పెట్టి పంపారట. మా దగ్గర పనిచేసే ఆయా వాళ్లకు చుట్టం, అందుకని ఇంత దూరం వచ్చారు. పిల్లవాడి చొక్కా తీసి చూస్తే ఒంటి మీద అక్కడక్కడ నీలం మచ్చలు. కొట్టారేమోనని నేను అవ్వ వైపు చూశాను. డాక్టరు మాత్రం మోకాళ్లు పట్టి చూశాడు, మోచేతులు చూశాడు, వరంగల్ పెద్ద దవాఖానకు రాసిచ్చాడు. వారం తిరక్కుండానే తెలిసింది, అది హీమోఫిలియా. రక్తం గడ్డకట్టని జబ్బు, పుట్టుకతో వచ్చేది. గడ్డకట్టించే ఇంజెక్షను పడగానే పిల్లవాడు కోలుకున్నాడు.

తిరిగి వచ్చినప్పుడు డాక్టరు అవ్వను కూర్చోబెట్టి అడిగాడు.

"మీ వైపు ఎవరికైనా ఇలా రక్తం ఆగకుండా పోయిందా అమ్మా?"

"మా తమ్ముడే పోయిండు సారూ. చిన్నగున్నప్పుడు. గోటీలాట ఆడంగ పడ్డడు. పెదవి పగిలింది, గంతే. నెత్తురు కట్టలే."

"మీ పుట్టింటి ఇంటిపేరేంటి?"

"బూతోళ్లం."

డాక్టరు నా వైపు చూశాడు. నాకు నవ్వు ఆగలేదు. అవ్వకు అలవాటే అనుకుంటాను, ఏమీ అనుకోలేదు. "గా బూతులు కాదు బిడ్డా. బూత్. ఇంగ్లీషు పేరు. మా తాత రైలు పట్టాలు వేసేకాడ బూత్ దొర తాన ఉన్నడు. గట్ల పడ్డది పేరు."

డాక్టరు ముఖం వెలిగిపోయింది. అవ్వ వెళ్లాక గదిలో అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాడు.

"సిస్టర్, ఇది ఇంగ్లండు రాణిగారి వంశంలో ఉన్న జబ్బండీ! రాజుల జబ్బని పేరు దీనికి. ఈవిడేమో ఇంగ్లీషు ఇంటిపేరు చెబుతోంది. దొర దగ్గర పనిచేశాడంటోంది కానీ, అసలు సంగతి వేరే అయ్యుంటుంది. దొర రక్తమే వచ్చి ఉంటుంది."

"ఏమో సార్."

"ఆ ఇంటిపేరు ఉన్నవాళ్లందరినీ పట్టుకోవాలి. వాళ్లలో ఇంకెంతమంది పిల్లలున్నారో. ఒక్కడికి ఎవరైనా పన్ను పీకారంటే చాలు, ప్రాణం పోతుంది."

ఆ మాట నాకు పట్టుకుంది. ఎక్కడో ఒక పిల్లవాడు ఉన్నాడు, వాడి సంగతి వాడి తల్లికి తెలియదు, మనకు తెలుసు. ఇక అన్నం తింటున్నా అదే ఆలోచన.

జనగామలో వెతకడం ఒక్క పూటలో అయిపోయింది. స్టేషను వెనకాల అవ్వ పుట్టిల్లు ఉన్నచోట సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. ఉన్న ఒక్క కొడుకూ చిన్నప్పుడే పోయాడు కాబట్టి ఆ ఇంట్లో పేరు ఆగిపోయింది. అవ్వ తండ్రికి ఇద్దరు తమ్ముళ్లు. ఒకరి సంతానం రైల్వే పనుల వెంట మానుకోటకు, అంటే మహబూబాబాదుకు పోయింది. ఇంకొకరి సంతానం బొగ్గుబావుల్లో పనికి భూపాలపల్లి చేరింది. ఇంగ్లీషు పేరు ఒకటి మన దగ్గర మూడు ఊళ్లలో మొలిచింది, రెండు ఊళ్లలో మిగిలింది.

డ్యూటీ మీద పోయొస్తానని అడిగితే మా పై అధికారి నవ్వాడు. "మానుకోట ఇప్పుడు మన జిల్లా కాదమ్మా. భూపాలపల్లి అసలే కాదు. మన పరిధిల ఉన్న రోగాలు చాలయా నీకు?" రక్తానికి జిల్లా సరిహద్దులు ఎట్లా తెలుస్తాయని అడగాలనిపించింది. అడగలేదు. నా సొంత సెలవు పెట్టుకుని రైలెక్కాను.

మానుకోటలో పట్టాల అవతల ఒక వాడలో ఉండేవాడు బూత్‌లలో పెద్దాయన. పట్టాల మీద గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. గుమ్మం పక్కన పలక మీద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ బూత్ అని రాయించుకున్నాడు. నేను జబ్బు సంగతి ఎత్తేలోపే ఆయన పేరు సంగతి ఎత్తుకున్నాడు.

"ఎలక్షన్లప్పుడు మస్తు తమాష అయితదమ్మా. ఒకపారి ఆఫీసరొచ్చి 'మీ బూత్ ఏది?' అన్నడు. 'నేనే బూత్' అన్న. తాగిన్ననుకున్నడు." ఆయన నవ్వి, గంభీరమయ్యాడు. "పేరు చూసి కొందరు చర్చికి రమ్మంటరు. మేము మల్లన్నకు బోనం చేసెటోళ్లం. ఎట్ల పోతం?"

"ఈ పేరు ఎట్ల వచ్చింది పెద్దనాయినా?"

"మా తాత ట్రాలీ తోసెటోడు. బూత్ దొర ట్రాలీ మీద కూసుంటే ఈయన పట్టాల మీద ఉరుక్కుంట తోసుడు. కూలీల పేర్లు రాసేకాడ ఎవని మనిషివిరా అని అడిగిండ్రట. బూత్ దొర మనిషిని అన్నడు. రాసేటాయన గదే రాసిండు. గంతే."

నేను కాస్త నసిగి, దొరకూ వాళ్లకూ వేరే సంబంధం ఏమైనా ఉందేమోనని అడిగాను. ఆయన కళ్లు ఎర్రబడ్డాయి.

"గా మాట ఊర్ల లేపిండ్రు. మా నాయిన జర తెల్లగుంటుండె, గందుకు. తెల్లగున్నోళ్లందరు దొర పిల్లలేనా? మా నాయినమ్మ బరువులు మోసి బతికింది. ఆమె మీద మాట పడనియ్య."

క్షమించమన్నాను. ఆయన చల్లబడి టీ తెప్పించాడు. రక్తం ఆగని జబ్బు ఇంట్లో ఎవరికైనా ఉందా అంటే, పంచె పైకి లాగి పిక్క మీద పొడుగాటి మచ్చ చూపించాడు. "గొడ్డలి పడ్డది. గుడ్డ కట్టుకొని తెల్లారి డ్యూటీకి పోయిన." ఆయన కొడుకులు, మనవలు అందరికీ ఏదో ఒక మచ్చ ఉంది, అన్నీ శుభ్రంగా మానినవే. అయినా వినకుండా ముగ్గురు మనవల రక్తం పరీక్షకు పంపాం. ఏ దోషమూ లేదు.

డాక్టరు నిరాశపడ్డాడు. కానీ ఊరుకోలేదు, ఆ ఇంటిపేరు పుట్టుపూర్వోత్తరాలు ఎక్కడెక్కడో చదివి వచ్చాడు.

"పాతకాలంలో పశువులు కాసేవాళ్లు కొండల్లో వేసుకునే గుడిసెని బూత్ అనేవారటండీ. మాట కూడా ఇంగ్లీషువాళ్ల సొంతం కాదు, సముద్రం దాటి వచ్చి స్థిరపడ్డ వాళ్లు తెచ్చిందట. ఇంగ్లండులో ఉత్తరం వైపు ఎక్కడ చూసినా ఆ పేరువాళ్లేనట. అక్కడి నుంచి రైళ్ల వెంట, ఓడల వెంట దేశదేశాలకీ పోయారు."

"అంటే వాళ్లంతా ఒక్క వంశమా?"

"కాదు. గుడిసె దగ్గర ఉండేవాడల్లా బూతే. ఈ కొండ మీద ఒకడు, ఆ లోయలో ఇంకొకడు. ఒకడికొకడు ఏమీ కారు."

"మరి వాళ్ల దగ్గరే ఆ పేరుకూ రక్తానికీ లంకె లేకపోతే, మన మానుకోటల ఎట్లుంటది సార్?"

ఆయన నడక ఆపాడు. మేం అప్పుడే అక్కడ ఆగిపోవలసింది. కానీ, "భూపాలపల్లి వాళ్లు మిగిలారుగా సిస్టర్" అన్నాడు. మిగిలారు కదా అని నేనూ అనుకున్నాను. సగం వెతికి వదిలేయడం మా ఇద్దరికీ చేతకాదు.

భూపాలపల్లిలో బూత్ అని అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. రెండు వాడలు తిరిగాక ఒక ముసలామె, "గా బూతోళ్లా? ఇప్పుడు బత్తులోళ్లు గద" అంది. బొగ్గుబావిలో పనిచేసే మనిషి ఆయన, నడివయసు. షిఫ్టు దిగి స్నానం చేసి వచ్చి నా ముందు కూర్చున్నాడు. కంటి రెప్పల అంచున బొగ్గు ఇంకా కాటుకలా ఉంది.

"బడిల మా అన్నను పిల్లలు ఏడిపించేటోళ్లక్కా. సారు హాజరు పిలుస్తుంటే అందరు కిసకిస నవ్వుడు. అన్న బడి మానేస్తనన్నడు. మా నాయిన పోయి బత్తుల అని రాయించిండు. దగ్గరగున్నది గదా అని."

"బాగనే ఉన్నది కద పేరు."

"ఏం బాగు? నాకు ఒక పిల్లను చూసిండ్రు. ఇద్దరికీ నచ్చింది. తీరా చూస్తే వాళ్లు కూడ బత్తులోళ్లే. ఇంటిపేరు ఒక్కటైతే అన్నచెల్లెళ్లు అయితరు, ఎట్ల ఇస్తమన్నరు. మేము అసలు బత్తులోళ్లం కాదని చెప్పాల్నంటే బూతోళ్లమని చెప్పాలె. మా నాయిన నోరు తెరవలే. గా సంబంధం పోయింది." లోపల వంటింట్లో గిన్నె గట్టిగా కింద పెట్టిన చప్పుడు వినబడింది. ఆయన గొంతు తగ్గించాడు.

వాళ్లింట్లోనూ అందరూ ఆరోగ్యంగానే ఉన్నారు. అన్న కొడుకులు, తమ్ముడి కొడుకులు, వాళ్ల కొడుకులు అంటూ వేళ్ల మీద చెప్పుకుపోయాడు.

"మరి ఆడపిల్లలు?" అన్నాను ఊరికే.

"ఆడపిల్లలు మా లెక్కల ఎట్ల వస్తరక్కా? పెండ్లిళ్లయి ఎవరింటి పేరు వాళ్లకు వచ్చింది."

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. భూపాలపల్లి పక్కనున్న చెల్పూర్ దగ్గర (మా చిల్పూర్ వేరే) కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కనబడి వెనక్కి పోయాయి. ఎవరింటి పేరు వాళ్లకు వచ్చింది. ఆ మాట నన్ను తొలుస్తూనే ఉంది. నాకూ పెళ్లయ్యాక ఇంటిపేరు మారింది. మా అమ్మకూ మారింది. మా అమ్మ పుట్టింటి పేరేమిటని అడుక్కుంటే వెంటనే గుర్తు రాలేదు. అమ్మమ్మ పుట్టింటి పేరు అసలు తెలియనే తెలియదు. నా ఒంట్లో వాళ్ల నెత్తురు లేదా మరి?

బస్సులోంచే డాక్టరుకు ఫోను చేశాను.

"సార్, అవ్వ తమ్ముడు చనిపోయిండు కద. ఆ పిల్లగానికి జబ్బు వాళ్ల నాయిన నుంచి వచ్చిందా, అమ్మ నుంచా?"

"అమ్మ నుంచే. ఆడవాళ్లలో పైకి కనబడకుండా ఉండి, వాళ్ల కొడుకుల్లో బయటపడుతుంది. తండ్రి నుంచి కొడుక్కి రాదు సిస్టర్. మాకు మొట్టమొదట చెప్పే పాఠం అది."

"మరి మనం వాళ్ల నాయిన ఇంటిపేరు వెంట ఎందుకు తిరుగుతున్నం సార్?"

"ఇంగ్లీషు పేరు చూసి..." అని ఆగిపోయాడు. పాపం, ఆయన గొంతు చిన్నపిల్లవాడిది అయిపోయింది.

తెల్లవారగానే జనగామలో అవ్వ ఇంటికి వెళ్లాను. ఆమె వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది.

"అవ్వా, మీ అమ్మ దిక్కు ఎవరికన్న నెత్తురు ఆగని రోగం ఉండెనా?"

"మా మేనమామకు ఉండె బిడ్డా. చిన్నప్పుడు చెవులు కుట్టిస్తే నెత్తురు ఆగలేదట. గట్లనే పానం పోయిందట. మా అమ్మ ఎప్పుడు చెప్పుకుంట ఏడ్చేది."

"మరి మాకు ఎందుకు చెప్పలే?"

"మీరు బూతోళ్లు బూతోళ్లు అంటిరి. నేను బూతోళ్ల ముచ్చట చెప్పిన. మా అమ్మది బచ్చన్నపేట దిక్కు. గా ముచ్చట ఎవరడిగిండ్రు?"

దొరా లేడు, రాణీ లేదు. ఆ జబ్బు బచ్చన్నపేట చేలల్లో పత్తి ఏరుకునే ఒక ఇంటి ఆడపిల్లలతో బయలుదేరింది. వాళ్లు ఏ ఇంటికి కోడళ్లుగా వెళితే ఆ ఇంటి పేరు తగిలించుకుంటూ వచ్చింది.

"మీ అమ్మకు అక్కచెల్లెళ్లు ఉన్నరా?"

"చిన్నమ్మను రేగొండ దిక్కు ఇచ్చిండ్రు. ఆమె కూతురు నాకు చెల్లె వరుస. గా చెల్లె బిడ్డనే చెల్పూర్ల ఉన్నది, ఆమె పెనిమిటి కరెంటు ప్లాంటుల కూలీకి పోతడు. మొన్న పెండ్లిల కలిస్తే చెల్లె చెప్పింది, మనవనికి మోకాలు బుర్ర లెక్క ఉబ్బిందట. చీము పట్టిందని కోయిస్తరట."

ఆ జబ్బున్న పిల్లలకు కీళ్లలోపల రక్తం కారి వాచిపోతుంది. పైకి చీము గడ్డలాగే ఉంటుంది. దాని మీద కత్తి పెట్టారంటే ఇక ఆగదు.

అవ్వ ఇంకా ఏదో చెప్పబోతుంటే నేను లేచాను. అవ్వ దగ్గర తీసుకున్న వాళ్ల నంబరుకు చేస్తే మోగలేదు. హన్మకొండ బస్సు ఎక్కాను, అక్కడ దిగి పరకాల మీదుగా పోయే బస్సు ఎక్కాను. ప్రతి ఊళ్లోనూ ఆగుతుంది ఆ బస్సు. దారంతా నంబరు నొక్కుతూనే ఉన్నాను. పక్కన కూర్చున్న ఆమె, "ఎవరికన్న సీరియస్సా అక్కా?" అంది. ఏమని చెప్పను? నేను ఇంతవరకు చూడని పిల్లవాడు, వాడికేమైందో ఇంకా తెలియదు.

చెల్పూర్‌లో ఇంటికి తాళం. పక్కింటామె బట్టలు ఆరేస్తూ, "పొద్దుగాలే పోయిండ్రు, భూపాలపల్లిల ప్రైవేటు దవాఖానకు. ఇయ్యాల్నే కాలు కోసుడట" అంది. ఆటో కోసం చూడలేదు. రోడ్డు మీద కారు వస్తుంటే చెయ్యి అడ్డం పెట్టి ఎక్కేశాను.

ఆ దవాఖాన మెట్ల మీదే తెలిసిపోయింది. పిల్లవాడి తండ్రి చేతిలో నెత్తురుతో తడిసిన తువ్వాలు ఉంది. లోపల బల్ల మీద పదకొండేళ్ల పిల్లవాడు పాలిపోయి పడుకున్నాడు. మోకాలు కోసేశారు. కట్టు మీద కట్టు వేస్తున్నారు, అది ఎర్రబడుతూనే ఉంది. అక్కడి డాక్టరు నన్ను బయటికి పొమ్మన్నాడు. నేను పోలేదు.

"సార్, ఇది చీము గడ్డ కాదు. వీళ్ల తల్లి వైపు హీమోఫిలియా ఉన్నది. ఇద్దరు పిల్లలు చనిపోయిండ్రు."

"నువ్వెవరు?"

చెప్పాను. ఫలానా చోట సూపర్‌వైజర్‌నని. ఏ జిల్లా అన్నాడు. ఆ ప్రశ్న వినగానే నా ఓపిక అయిపోయింది. మా డాక్టరుకు ఫోను కలిపి ఆయన చెవికి ఆనించాను. వాళ్లిద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. మా డాక్టరు అబ్బాయి గొంతు ఫోనులోంచి గదంతా వినబడింది. పెట్టేశాక ఆ డాక్టరు తానే కాలు ఎత్తి పట్టుకుని గట్టిగా కట్టు కట్టాడు, ఐసు తెప్పించాడు, అంబులెన్సు పిలిపించాడు. నిజం చెప్పాలంటే ఆయన స్థానంలో ఎవరున్నా ఆ మోకాలును గడ్డ అనే అనుకునేవారు.

అంబులెన్సులో పిల్లవాడి తల ఒళ్లో పెట్టుకుని తల్లి నన్ను అడిగింది.

"నీకు గీ సంగతి ఎట్ల తెలుసక్కా?"

జనగామ అవ్వ గురించి, బూతోళ్ల గురించి, వెతకడం గురించి చెప్పాను. నిన్న భూపాలపల్లి వచ్చి వాళ్లింట్లో కూర్చుని టీ తాగి వెళ్లానని కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు.

ఆమె నా ముఖంలోకి చూసింది. "నిన్న మా వాకిటి ముంగట నుంచే పోయినవు గదక్కా. ఒక్కపారి దిగకపోతివి."

కోపంతో అనలేదు. అదే కష్టం.

వరంగల్‌లో మా డాక్టరు మాకంటే ముందే చేరి, గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఇంజెక్షను సిద్ధం చేయించాడు. నెత్తురు నిలవడానికి సాయంత్రం దాకా పట్టింది. పిల్లవాడు బతికాడు. ఆ మోకాలు మాత్రం పూర్తిగా వంగదు. ఇప్పుడు వాడు చెల్పూర్‌లోనే సెల్‌ఫోన్ల రీచార్జి కొట్టు నడుపుతున్నాడు, ఎత్తు స్టూలు మీద కాలు చాపుకుని కూర్చుంటాడు. నన్ను పెద్దమ్మ అంటాడు. జనగామ పిల్లవాడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. క్రికెట్ ఆడొద్దంటే వినడు.

అమ్మాయిలూ, మీరు అడుగుతారని చెబుతున్నాను. రోగి ఇంటికి వెళ్లినప్పుడు ఇంటిపేరు అడగండి, ఫరవాలేదు. తర్వాత తల్లి పుట్టింటి పేరు అడగండి. తర్వాత ఆ తల్లి తల్లిది అడగండి. వాళ్లకు విసుగొస్తుంది, మీకూ విసుగొస్తుంది. చెల్పూర్ పిల్లవాడి అక్క గురించి అడిగినప్పుడు వాళ్లమ్మ నా చేతులు పట్టుకుంది. "బయట చెప్పకక్కా, పిల్లకు పెండ్లి కావద్దా?" అంది. రెండేళ్లు ఆ ఇంటికి తిరిగాను. చివరికి ఆ పిల్లే పరీక్ష చేయించుకుంది, కాబోయేవాడికి తానే చెప్పుకుంది. ఆ అబ్బాయి పారిపోలేదు. అంతా అలా ఉండరు.

ఆ రోజు అవ్వ చెప్పబోయి ఆగిన మాట నేను తర్వాత వెళ్లి అడిగాను. వాళ్లమ్మకు ఇంకొక చెల్లెలు ఉండేది. పెళ్లయ్యాక మొగుడితో కలిసి సోలాపూర్ మిల్లు పనికి వెళ్లిపోయింది. ఆమెకు ఆడపిల్లలు పుట్టారని ఒక జాబు వచ్చిందట, ఆ తర్వాత ఏ కబురూ లేదు. మా డాక్టరు బదిలీ అయ్యి, పైచదువులకు పోయి, ఇప్పుడు పెద్ద డాక్టరయ్యాడు. అప్పుడప్పుడు ఫోను చేసినప్పుడు కుశలం అడిగాక, "సోలాపూర్ వాళ్లు..." అంటాడు. "దొరకలే సార్" అంటాను.

రిటైరయ్యాక సోలాపూర్‌కు రెండుసార్లు వెళ్లొచ్చాను. తెలుగువాళ్లు ఉండే పేటలన్నీ తిరిగాను. బచ్చన్నపేట ఆడబిడ్డ అని చెబితే, "ఏ ఇంటోళ్లు? ఇంటిపేరు చెప్పండి, పట్టిస్తం" అన్నారు. అవ్వను అడిగితే ఆమె గుర్తుచేసుకుని, గుర్తుచేసుకుని, తల అడ్డంగా ఊపింది. ఆ సోలాపూర్ చిన్నమ్మను ఎవరికిచ్చారో ఆమెకు తెలుసు, మనిషి ముఖం కూడా గుర్తుంది. ఆయన ఇంటిపేరు మాత్రం ఎవరికీ తెలియదు.